పూలకు అందని ఇండికేటర్లు

ఒక నిమ్మకాయతో వాదించడానికి నేను తెనాలి నుంచి కోలారు జిల్లా దాకా వెళ్లాను. గెలిచానో ఓడానో చదివినవాళ్లే తేల్చాలి. బయలుదేరేటప్పుడు మాత్రం గెలుపు గురించి నాకు రవ్వంత అనుమానం లేదు.

పిలిచింది సుగుణ. ఆమె కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో తండ్రితో ఉంటూ, ఆవని దగ్గర ఒక పల్లె బడిలో లెక్కలు చెబుతుంది. కొన్నేళ్ల కిందట మదనపల్లెలో మేము నడిపిన హేతువాద శిబిరానికి వచ్చింది. ఆరోజు మేము నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమేమీ లేదని చూపించాం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు. చెప్పులు విప్పి తనూ నడిచి, అవతలి పక్క నిలబడి, "ఇది సరే సార్. ఇంటికి పోయి ఏం చెప్పాల?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను అరగంట జవాబు చెప్పాను. ఆమె ముఖం చూస్తే ఆ జవాబు సరిపోలేదని తెలిసింది.

ఇప్పుడు ఫోన్లో అంది: "సార్, మీరు బాగా వాదిస్తారు కదా. ఒకసారి వచ్చి మా నాయనతో వాదించండి. శనివారం నా బండి అమ్మేస్తాడంట."

ఆ బండి గేర్ల మోటారు సైకిల్. తండ్రి పేరున ఉంది. దసరా ఆయుధ పూజ అయిన మూడో రోజు బడికి వెళుతూ ఆవని మలుపు దగ్గర ఆమె పడింది. చెయ్యి విరిగింది. మలుపులో దారి కాచే దేవుడు మునేశ్వరుడి రాయి ఉంది. అక్కడ చక్రం కింద నిమ్మకాయ తొక్కించకుండా దాటినందుకే పడిందని ఊరంతా అంది, తండ్రి నమ్మాడు. వేమగల్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన బండి కొంటానన్నాడు. ఆయనకు శనివారం సెలవు.

బండి లేకపోతే ఆమె రెండు బస్సులు మారి, ఆపైన నడవాలి. చెయ్యి కట్టు విప్పాక అలాగే వెళ్లివస్తోంది, రోజూ మొదటి పీరియడు పోతోంది. "ఉద్యోగం మానుకో, ఇంటికాడ ట్యూషను చెప్పుకో" అంటున్నాడట తండ్రి. నేను ఆ సాయంత్రమే సంచి సర్దాను.

ముళబాగిలు: నెయ్యి, మునేశ్వరుడు

గురువారం ఉదయం ముళబాగిల్లో దిగాను. ఆ ఊరి దోసె గురించి విన్నవాళ్లు పొరపాటున మా కోస్తా దోసెను ఊహించుకోకండి. మాది కాగితంలా పలచన. వాళ్లది అరచేతి వెడల్పున, మధ్యలో మందంగా, అంచుల్లో నేతితో వేగి కరకరలాడుతూ వస్తుంది. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఊసుండదు. యాభై రూపాయలకు మా ఊళ్లో అంత నెయ్యి వాసన కూడా రాదు.

నేను ఎక్కడా కుదురుగా కూర్చోలేను. దోసె వచ్చేలోపు రెండుసార్లు లేచి బస్సు వచ్చిందేమో చూశాను. హోటలు యజమానికి నవ్వొచ్చింది.

"యాడికి సార్ అంత అవసరం?"

"ఆవనికి."

"మలుపు కాడ నిమ్మకాయ తొక్కించి పోండి."

"నేను బస్సులో పోతున్నానయ్యా."

"అయితే డ్రైవరు తొక్కిస్తాడు లేండి. మీకు ఫ్రీ."

"తొక్కించకపోతే?"

"దసరా అప్పుడు ఒక టీచరమ్మ తొక్కించలా. చెయ్యి ఇరిగింది."

సుగుణ కథ నాకన్నా ముందే ఈ ఊరు చేరి, నేతిలో వేగి, నా విస్తట్లోకి వచ్చింది. నేను ఊరుకోలేదు. "ఆ టీచరమ్మ అంతకు ముందు ఏళ్ల తరబడి తొక్కించకుండానే వెళ్లింది కదా? అన్నాళ్లు ఊరుకున్న దేవుడు ఆరోజే ఎందుకు విరిచాడు?"

ఆయన గరిటె పట్టుకుని నిజంగానే ఆలోచించాడు. "ఆయప్పకు మాత్రం ఓర్పు ఎంతకాలం ఉంటాది సార్?"

పక్క బల్లల వాళ్లు పగలబడి నవ్వారు. నా దగ్గర మూడు జవాబులున్నాయి. మూడూ చెప్పేసరికి దోసె చల్లారిపోయింది, బస్సు వెళ్లిపోయింది.

ఆవని: మలుపు

ఆవని గుట్ట మీదే సీతమ్మ కవలల్ని కన్నదని ఇక్కడివాళ్ల నమ్మకం. బస్సులో సగం మంది భక్తులు, సగం మంది టమాటా తోటల కూలీలు. మలుపు రాగానే డ్రైవరు వేగం తగ్గించాడు, హారన్ కొట్టాడు, కళ్లకు చెయ్యి అద్దుకున్నాడు, మళ్లీ గేరు మార్చి వేగం పెంచాడు. బస్సులో అందరి చేతులూ కళ్లకు అంటుకున్నాయి. నాది కిటికీ కడ్డీని పట్టుకుంది.

బస్సు దిగి వెనక్కి నడిచి వచ్చాను. రోడ్డు ఒక పెద్ద బండను చుట్టి వంగుతుంది. ఆ వంపు కడుపులోంచి మట్టి రోడ్డొకటి సుగుణ బడికి చీలుతుంది. బండ పక్కన మోకాలెత్తు రాయి, దానికి పసుపు, కుంకుమ. ముందున్న తారు రోడ్డు నిండా నలిగిన నిమ్మతొక్కలు. వాటి మీద నా చెప్పే రెండుసార్లు జారింది. ద్విచక్ర వాహనం మలుపు తిరిగే చోట రోడ్డుకు నిమ్మరసం పూయడం భద్రత కోసమట! నేను కాలితో తొక్కలన్నీ పక్కకు నెడుతుంటే సుగుణ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, ఎడమ మణికట్టు ఇంకా కొంచెం వాచి ఉంది.

"వచ్చీ రాగానే ఊడ్చే పని పెట్టుకున్నారా సార్?"

జరిగింది ఆ చోటనే నిలబడి చెప్పింది. ఆమె కె.జి.ఎఫ్. వైపు నుంచి వచ్చింది. కుడి ఇండికేటర్ వేసి, రోడ్డు మధ్యకు వచ్చి ఆగింది. ఎదురుగా ముళబాగిలు వైపు నుంచి పాల వ్యాను వచ్చింది.

"వ్యాను నిదానమైంది సార్. నా ఇండికేటర్ చూసి నాకు దారి ఇస్తా ఉండాడు అనుకున్నా. తిప్పినా. అంతలో వాడు మళ్లా వేగం ఎత్తుకున్నాడు. తప్పుకోబోయి పడినా."

"వ్యాను వాడేమంటాడు?"

"'నేను నిదానం చేసింది దేవుడికి మొక్కేదానికి, నీకు కాదమ్మా. ఇండికేటరే లేదు' అని పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. నేను వేసినా అని నేను ఒట్టు పెట్టినా. ఇద్దరిలో ఒకరం అబద్ధం కదా! ఊరోళ్లు, 'ఇద్దరూ నిజమే, లైటును దేవుడే మూసినాడు' అని తీర్పు చెప్పినారు."

ఆవని నుంచి కె.జి.ఎఫ్.: బస్సులో ఒక ఫొటో

బడి వదిలాక ఇద్దరం బస్సెక్కాం. ఇటు రోడ్డు పక్కన మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు. సుగుణకు బండి మీద బెంగగా ఉంది. "ఎట్లుండేదో చూడండి" అని ఫోన్లో ఆయుధ పూజ నాటి ఫొటో చూపించింది.

మా తెనాలిలో బండి పూజ అంటే ఒక దండ, నాలుగు కుంకుమ బొట్లు, ఒక కొబ్బరికాయ. ఈ ప్రాంతంలో బండిని పెళ్లికొడుకును చేస్తారు. సుగుణ బండి హెడ్‌లైటు చుట్టూ బంతిపూలు, సేవంతిపూలు పిడికెడు మందాన రెండు చుట్లు. హ్యాండిల్‌కు రెండు పక్కలా రెండు అరటి పిలకలు, ఆకులతో సహా. వాటి కింద నల్లతాడుకు నిమ్మకాయలు, మిరపకాయలు.

"ఇవి ఎప్పుడు తీసేశారు?"

"అరటి పిలకలు చేత్తో తీయకూడదు సార్. అవే ఎండి రాలిపోవాల. గని కాలం నుంచి మా నాయనది అదే పద్ధతి."

"అయితే పడ్డ రోజున కూడా ఇవి బండి మీదే ఉన్నాయి?"

"ఉండినాయి."

ఫోన్ ఆమెకు తిరిగిచ్చాను. "ఇందులో ముందు ఇండికేటర్లు ఎక్కడున్నాయో చూపించు."

హెడ్‌లైటుకు అటూ ఇటూ ఉండాల్సిన ఇండికేటర్లు. ఆమె ఫొటోను వేళ్లతో పెద్దది చేసింది, పక్కకు జరిపింది, మళ్లీ పెద్దది చేసింది. ఎడమ పక్క అరటాకు. కుడి పక్క సేవంతిపూలు.

"అయ్యో" అంది నెమ్మదిగా.

ఆమె లైటు వేసింది. వ్యానువాడికి కనబడలేదు. ఇద్దరి ఒట్టూ నిజం. లైటును మూసింది మునేశ్వరుడు కాదు, రక్షణ కోసం కట్టిన పూలు! నేను సీట్లో నిలువలేకపోయాను. నా జీవితంలో ఇంత శుభ్రమైన నిరూపణ దొరకలేదు. పోయి ఆ ముసలాయన ముందు ఈ ఫొటో పెడితే చాలు, పని అయిపోయినట్టే. సుగుణ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కె.జి.ఎఫ్.: సంగటి ముందు వాదన

బంగారం తీశాక గని పారబోసిన సైనైడు దిబ్బల మీద సాయంత్రపు ఎండ పడి ఉంది. గాలి వీస్తే ఆ బూడిదరంగు పొడి ఇళ్లలోకి వస్తుందని తలుపులకు గోనెపట్టాలు కట్టుకున్నారు. సుగుణ ఇల్లు పాత గని కార్మికుల లైన్లలో ఒకటి. వాకిట్లో బండి ఉంది. కుడి ఇండికేటర్ విరిగి, వైరు మీసంలా వేలాడుతోంది.

సుగుణ తండ్రి నారాయణప్ప గని మూతపడేదాకా షాఫ్టు నోటి దగ్గర గంట మనిషిగా పనిచేశాడు. డెబ్బై దాటినా గొంతు ఇంకా లోతు సొరంగంలోకి అరిచినట్టే ఉంటుంది. నేను 'నారాయణప్ప గారూ' అంటే నవ్వాడు. "గారు ఎందుకప్పా? నన్ను మా ఇంజనీరు దొర కూడా గారు అన్లేదు."

సంగటి, సొప్పు సారు అనే ఆకుకూర పులుసు పెట్టారు. నేను సంగటి ముద్దను నములుతుంటే ఆయన ఆగమన్నాడు. "నమలగూడదు సారూ, మింగల్ల. నమిల్తే పండ్లకు అంటుకొని రేపటికి గాని రాదు." మింగాను. గొంతులో అడ్డం పడి నీళ్లు తాగాల్సొచ్చింది. ఆయనకు సరదా పుట్టి గని కథలు ఎత్తుకున్నాడు.

"మనుషుల్ని దించే కేజు ఉంటాది చూడు, దాని కాడ నేను నిలబడతా. ఒకటి కొడితే నిలబెట్టు. రెండు కొడితే దించు. మూడు కొడితే మనుషులు ఎక్కినారు, జాగ్రత్త అని. నేను మూడు కొడితే ఇంజను రూములో నుంచి తిరిగి మూడు రావల్ల. రాకుంటే కేజు కదల్దు. రెండొచ్చినా కదల్దు. ఒక్కసారి చీఫ్ ఆఫీసరు కేజులో నిలబడి 'పోనీ పోనీ' అంటాడు. నేను పోనీలా! మూడు తిరిగొస్తే గాని పోనీలా!"

అప్పుడే ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. సుగుణ ఫోన్ తీసుకుని ఆయన ముందు పెట్టాను. పూలు, అరటి పిలకలు, లైటు, వ్యాను, ఒట్లు అన్నీ వరసగా చెప్పాను. ఎక్కడా తప్పు లేదు. సభలో అయితే చప్పట్లు వచ్చేవి.

నారాయణప్ప ఫోన్‌ను దగ్గరికి లాక్కుని ఫొటో చూశాడు.

"అంటే నేను కట్టిన పూలే నా బిడ్డ చెయ్యి ఇరిచినాయంటావు."

"నేను చెప్పేది కారణం గురించి. మిమ్మల్ని..."

"కారణం నేనే అనే కదప్పా!"

ముద్ద సగంలో వదిలి చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. కూతురి చెయ్యి విరిగిన రోజు ఆ రాయికి దండం పెట్టి, దేవుడి కోపమని నమ్మి, దాన్ని ఎలాగో మోస్తున్న మనిషి. ఆ బరువు దించి, అంతకన్నా పెద్దది నెత్తిన పెట్టాను.

"గెలిచినారు సార్" అంది సుగుణ కంచాలు తీస్తూ. "ఇప్పుడు బండి శనివారం దాకా కూడా ఉండదు. తెల్లారితేనే అమ్మేస్తాడు."

నరసాపురం: బండ్లు పుట్టే చోట

అమ్మలేదు. శుక్రవారం పొద్దున నారాయణప్ప ఎవరితోనూ మాట్లాడకుండా బండి తుడుస్తున్నాడు. వేమగల్ ఆయన లైట్లు బాగుచేయించి ఇవ్వమన్నాడట. సుగుణ నన్ను పక్కకు పిలిచింది.

"సార్, ఎట్లాగూ కొత్త ఇండికేటర్లు వెయ్యాల. వేసేదేదో పూలకు అందని చోట వేయిస్తాం. మా నాయన పూలు మానడు. లైట్లే జరగల్ల."

"అంటే మూఢనమ్మకానికి దారి వదిలి, మనం పక్కకు తప్పుకోవడమా?"

"నాకు బడికి పోవల్ల సార్."

వాదన చెల్లనప్పుడు నేను చేసే పని ఒకటే: ఎక్కడికో బయలుదేరడం. సామాన్లు నేను తెస్తానన్నాను. బండ్లు తయారయ్యే ఫ్యాక్టరీ కోలారు దగ్గరి నరసాపురంలోనే ఉందిగదా, నేరుగా అక్కడికే పోదామనుకున్నాను. ఇంతకన్నా తెలివితక్కువ ఆలోచన ఆ ప్రయాణంలో ఇంకొకటి చేయలేదు.

గేటు దగ్గర కాపలా మనిషి నేను చెప్పేది మర్యాదగా పూర్తిగా విని, మర్యాదగా రోడ్డు చూపించాడు. ఎదురుగా టీ కొట్టు. షిఫ్టు దిగినవాళ్లు కంపెనీ బస్సుల కోసం నిలబడ్డారు. ప్రతి బస్సు బంపరుకూ నిమ్మకాయ, మిరపకాయలు. లోపల కొలతలన్నీ వెంట్రుకవాసి తేడా రాకుండా చూసే మనుషులు, బయటికి రాగానే నిమ్మకాయ వెనకాల ఇంటికి వెళతారు! ఇది పైకే అన్నాను. తెలుగు విని ఒకాయన పక్కకు వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. పెళ్లాం పిల్లలు ఊళ్లో ఉన్నారట.

"ఏటండి, పార్టుల కోసం ఫ్యాక్టరీకి వచ్చీసినారా? ఇక్కడ్నించి చిన్న మేకు కూడా బయటికి రాదండి. కోలార్లో కొట్లున్నాయి, అక్కడ దొరుకుతాయి."

"నువ్వు ఏ పని చేస్తావు?"

"ఇండికేటర్లు బిగిస్తానండి. ఎడమ పక్కవి. కుడి పక్క ఒడిశా ఆయన." టీ గ్లాసు దించి నవ్వాడు. "మీ ఊళ్లో ఎవుడైనా ఎడమకి లైటేస్తే, అది నేనే అనుకోండి."

సొంత బండి ఉందా అని అడిగాను. లేదట. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

కోలారు వెళ్లే బస్సులో ఊరికే కూర్చోలేక ఎదురొచ్చే మోటారు సైకిళ్లన్నీ చూశాను. ఒకడి హ్యాండిల్‌కు రెండు పక్కలా పాల క్యాన్లు, ఇండికేటర్లు కనబడవు. ఒకడికి మల్బరీ ఆకు మోపు. ఒకడికి పట్టుగూళ్ల సంచులు. ఒకడు టమాటా పెట్టెను పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని గడ్డంతో పట్టుకున్నాడు. ఎవడి లైటూ ఎవడికీ కనబడదు. నాకు కొంచెం చిరాకేసింది. పాల క్యానుకు ఏ నమ్మకమూ లేదు. అయినా అదీ అరటి పిలక చేసే పనే చేస్తోంది. నిన్న సంగటి ముందు నేను ఇచ్చిన ఉపన్యాసంలో పాల క్యాన్లకు చోటు లేదు.

కోలార్లో ఒక జత ఇండికేటర్లు, రెండు క్లాంపులు, వైరు కొని సాయంత్రానికి కె.జి.ఎఫ్. చేరాను.

రాబర్ట్‌సన్‌పేట: స్టీఫెన్ షాపు

స్టీఫెన్ కె.జి.ఎఫ్.లోనే మెకానిక్. గని పిల్లాడే. తమిళం, తెలుగు, ఇంగ్లీషు ఒకే వాక్యంలో కలిపి మాట్లాడతాడు, ఆ వాక్యం ముగియదు. అతని షాపు గోడ మీద ఏసుక్రీస్తు, పక్కనే మిరపకాయలు.

"సార్ హేతువాది అంట కదా! మన షాపులో దేవుడూ ఉండాడు, మిరపకాయా ఉండాది, ఫస్ట్ ఎయిడ్ బాక్సూ ఉండాది. ఏది పని చేస్తాదో ఎవురికి తెలుసు?"

"బాక్సు తెరిచి చూపించు."

తెరిచాడు. లోపల స్పార్క్ ప్లగ్గులున్నాయి. వాటి మీద నేను మాట్లాడబోతుంటే సుగుణ నా మోచేయి పట్టుకుంది.

ఎక్కడ బిగించాలన్న చర్చ మొదలైంది. హ్యాండిల్ చివర పెడితే బండి గోడకు ఆనగానే విరుగుతాయి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు పెడితే మళ్లీ పూలకు అందుతాయి. చివరికి కాళ్లకు ముందుండే ఇనుప లెగ్ గార్డు పై మూలలు కుదిరాయి. రెండూ బయటికి, సమానంగా, ఎదురుగా వచ్చేవాడికి విడివిడిగా కనబడతాయి. స్టీఫెన్ పాతవి విప్పి, వైరుకు కొత్త ముక్క అతికి, హ్యాండిల్ పూర్తిగా తిప్పినా లాగకుండా కొంచెం వదులు ఉంచి, తొడుగు వేశాడు.

అప్పుడు నారాయణప్ప వచ్చాడు. గొడుగు ఆనించి ఒక పక్కన నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"ఇదేందిరా, లైట్లు యాడికో పెడతా ఉండావు? పాత చోటే పెట్టు. కొనేటోడు అడగడా?"

"పాప చెప్పింది మామా."

ఆయన కూతురి వైపు తిరిగాడు. నాకు నోరు దురద పెడుతోంది. సుగుణ నన్ను చూసింది. నోరు మూసుకున్నాను. ఆమె నేల మీద కూర్చుని వైరు పట్టుకునే ఉంది.

"నాయనా, ఆయుధ పూజకు గనిలో ఏమేమిటికి పూలు కట్టేవాడివి?"

"అన్నిటికీ. కేజుకు, చక్రానికి, తాడుకు, ఇంజను రూము తలుపుకు. రెండు బండ్ల పూలొచ్చేవి."

"గంటకు?"

"గంటకెవురన్నా కడతారా?" ఆయన నవ్వాడు. "పూలు కడితే మొద్దుబారి పోదా? ఆ పక్క వినబడద్దా? దానికి బొట్టు కూడా పెట్టనిచ్చేవాణ్ని కాదు. బొట్టు పెట్టేదానికి ఎవురన్నా వస్తే..."

ఆగిపోయాడు.

నారాయణప్ప బండి ముందుకు వచ్చి వంగి, పాత ఇండికేటర్ ఉండిన చోట ఖాళీ బెజ్జంలో వేలు పెట్టాడు. సుగుణ వైరు వదల్లేదు, తల ఎత్తలేదు.

"మూడు వచ్చిందని తిప్పినావు" అన్నాడు చివరికి. "వాడు తిరిగి కొట్టలా. వాడు వేరే ఎవురికో మొక్కుకున్నాడు."

"అవు నాయనా."

ఆయన గొంతు సవరించుకుని, ఎప్పటి గొంతు తెచ్చుకున్నాడు. "స్టీఫా, ఆ నట్టు ఇంగా బిగించు. నా పూలకు అందగూడదు."

నేను ఇక ఆగలేకపోయాను. "పూలు మానేస్తే సరిపోదా?"

"పూలు నేను కడతా సారూ" అన్నాడు, నా వైపు మొదటిసారి తిరిగి. "లైటు దాని చోటుకు అది పోతాది. నీకు నష్టమేమి?"

నష్టం చాలా ఉంది. నేను పూలదండను తీయించడానికి వచ్చాను. దండ ఉన్నచోటే ఉంది, దీపాలు జరిగాయి. పాతికేళ్లుగా నేను రాసిన వ్యాసాలన్నీ నా గొంతులో నిన్నటి సంగటిలా అడ్డం పడ్డాయి. కానీ ఆ సంగటి ఎలా దిగుతుందో నిన్ననే నేర్చుకున్నాను.

స్టీఫెన్ స్విచ్ వేశాడు. కుడివైపు నొక్కితే ఎడమది వెలిగింది.

"తప్పు పెట్టినావు రా" అన్నాడు నారాయణప్ప.

"ఎదురుగా నిలబడితే కుడి ఎడమ తారుమారు కనిపిస్తాది మామా, ఇటొచ్చి చూడు."

"నా జీవితమంతా ఎదురుగా నిలబడే కొట్టినా గంట! నాకు చెప్తావా?"

స్టీఫెన్ ఒట్టేసి వాదించాడు, తర్వాత వైర్లు చూశాడు, తర్వాత గొణుక్కుంటూ మార్చాడు. ఈసారి కుడివైపు నొక్కితే కుడిది వెలిగింది. నారాయణప్ప బండి అమ్మకం గురించి ఒక్క మాట అనలేదు. అమ్మననీ అనలేదు. ఆ సందేహంతోనే నిద్రపోయాం.

మళ్లీ మలుపు

శనివారం బడి పొద్దున్నే. నవంబరు మంచు కె.జి.ఎఫ్. దిబ్బల్ని కనబడకుండా మింగేసింది. నారాయణప్ప నన్ను లేపి, "మనం ముందు బస్సుకు పోతాం. ఆయమ్మ బండిలో వస్తాది. నేను చూసినాకే ఏదైనా" అన్నాడు. చేతిలో స్టీఫెన్ దగ్గర తెచ్చిన స్పానరు ఉంది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

మలుపులో దిగాం. ఆయన జేబులోంచి నిమ్మకాయ తీసి మునేశ్వరుడి రాయి ముందు పెట్టాడు. రోడ్డు మీద కాదు, రాయి ముందు. "తొక్కిస్తే జారతాది అన్నావంట గదా" అన్నాడు నా ముఖం చూడకుండా. సుగుణ చెప్పినట్టుంది. అంత కష్టమైన మౌనం నేను ఈమధ్య పాటించలేదు.

తర్వాత ఆయన బండ దాటి, పాల వ్యాను వచ్చిన చోటికి నడిచాడు. అక్కడ రోడ్డు మలుపు గుర్తు బోర్డు ఇనుప స్తంభం ఉంది. దాని పక్కన, వ్యాను డ్రైవరు కళ్లుండే చోట నిలబడ్డాడు. నేను ఆయన వెనక.

మంచులో ముందు చప్పుడు వచ్చింది. తర్వాత హెడ్‌లైటు. రోడ్డు మధ్యలో బండి ఆగింది. అది సుగుణ అని మాకు తెలుసు కాబట్టి సుగుణ, లేకపోతే మసక ఆకారం. హెడ్‌లైటుకు చాలా కింద, పక్కకు, ఆరెంజ్ రంగు చుక్క ఒకటి వెలిగింది, ఆరింది, వెలిగింది.

"కనిపిస్తా ఉండాది" అన్నాడు నారాయణప్ప. నాకు కాదు, తనకే.

ఆమె తిప్పలేదు. ఎదురుగా ఏ వాహనమూ లేదు, రోడ్డంతా ఖాళీ. అయినా తిప్పలేదు. ఆగి ఉంది. చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంది. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, ఎందుకు ఆగిందో అడగబోయాను.

నారాయణప్ప స్పానరు ఎత్తి ఇనుప స్తంభం మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

మూడో దెబ్బ మోత ఇంకా ఆరకముందే బండి కుడికి తిరిగింది. మట్టి రోడ్డు మీద ఎర్ర తోక దీపం కాసేపు ఎగిరెగిరి పడి, మంచులోకి వెళ్లిపోయింది.

ఆయన స్పానరు జేబులో పెట్టుకుంటుంటే ఫోన్ మోగింది. వేమగల్ ఆయన. బస్సెక్కాడట, ఇంటి దారి అడుగుతున్నాడు. నారాయణప్ప సొరంగంలోకి అరిచే గొంతుతో, బండ అవతలికి కూడా వినబడేలా జవాబు చెప్పాడు:

"బండి యాడుందప్పా? బడికి పోయింది!"